ముట్టరాదు

1 జనవరి 1979

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నేటి నుండి కాలేజీ లేబొరేటరీలోని మూడో స్టూలు, ఏ స్టూలుకైతే ఒక కాలు పొట్టిదో ఆ స్టూలు, అటెండర్ యాకయ్య గారి శాశ్వత ఆస్తిగా ప్రకటించడమైనది. దానిపై కూర్చుండదలచినవారు ముందుగా దరఖాస్తు పెట్టుకొని, కింద పడిన తర్వాతే ఫిర్యాదు చేయవలెను. పొట్టి కాలి కింద పెట్టిన అట్టముక్క కూడా ఆస్తిలో భాగమే. దాన్ని తీసినవాడు రాజద్రోహి.

యావన్మంది అంటే ఎవరూ లేరు. ఈ గది, నేను, దండెం మీద ఆరేసిన నా అంగీ. చౌరస్తాలో ఎరువుల దుకాణంవాడు డైరీ ఇచ్చాడు, ఏమన్న రాసుకో అన్నాడు. రాసుకుంటున్నాను.

వయసు నలభై ఏడు. చదువు ఉర్దూ మీడియంలో ఆరో తరగతి దాకా. తెలుగు అక్షరాలు బోర్డులు రాసే దుకాణంలో నేర్చుకున్నాను. అందుకే నా రాత ముత్యాలు, తప్పులు బోలెడు. నా భార్య కళావతి పరకాలలో పుట్టింట్లో ఉంది. నేను చచ్చిపోయానని కబురు పంపితే ఏడ్చుకుంటూ బస్సు దిగింది. బస్టాండులో ఎదురుపోయి నవ్వాను. ఆమె నవ్వలేదు. అదే బస్సు మళ్లీ ఎక్కింది. తొమ్మిదేళ్లయింది.

హాస్యం తెలియని మనుషులతో కాపురం కష్టం.

17 జనవరి

డిపార్ట్‌మెంట్‌కు కొత్త మేడం వచ్చింది. పేరు రూతు. హన్మకొండ మనిషే. పీహెచ్‌డీ చేస్తుందట. ఆదివారం చర్చిలో పాడే గొంతు, ఆ బీకర్ ఇటివ్వు యాకయ్యా అన్నా కీర్తనలాగే ఉంటుంది.

నా పద్ధతిలో స్వాగతం చెప్పాను. డిస్టిల్డ్ వాటర్ సీసా మీద కల్లు అని లేబుల్ అంటించాను. చూసింది. కోపం లేదు, నవ్వు లేదు. ఈతదా, తాటిదా అని అడిగింది.

పనికొచ్చే మనిషి.

22 జనవరి

ఎనుమాముల చేన్లలోంచి రేగడి మట్టి తెమ్మంది. సైకిల్ వెనక గోనెసంచి కట్టి తెచ్చాను. దారిలో అడిగినవాళ్లకల్లా కాలేజీలో మట్టిని బంగారం చేస్తున్నారని చెప్పాను. ఇద్దరు నమ్మారు, ఒకడు తన చేను కూడా చూపించాడు.

ఆ మట్టిని ఆమె కడిగింది, వడకట్టింది, మళ్లీ కడిగింది. పసిబిడ్డకు కూడా ఎవరూ అంత స్నానం చేయించరు. చివరికి అన్నిటికంటే సన్నటి రేణువుల్ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మోకాలెత్తు గాజు జార్‌లో పోసి, కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. చూడటానికి ఉత్త బురద నీళ్లు. సంవత్సరం పాటు దాన్ని ఎవరూ కదపకూడదు, అందులో ఏమీ వేయకూడదు. ప్రతి సోమవారం ఒక వైపు నుంచి దీపం వెలుతురు పంపి, అవతలికి ఎంత వచ్చిందో రీడింగ్ రాసుకుంటుంది. నీళ్లు తేరకుండా అలాగే ఉంటే ఆమె చెప్పింది నెగ్గినట్టు.

బురదకు కాపలా కాస్తే డాక్టరేట్ ఇస్తారా మేడం అన్నాను. ఇస్తరు, కాని కాపలా కాసేది నువ్వు, డాక్టరేట్ నాది అంది.

జార్ మీద ముట్టరాదు అని నా చేతే రాయించింది. ఎర్ర రంగుతో, అక్షరాలకు నీడలు పెట్టి, కిరాణా దుకాణం బోర్డంత అందంగా రాశాను.

5 ఫిబ్రవరి

ఇవాళ నన్ను మైక్రోస్కోప్‌లో చూడనిచ్చింది. జార్‌లోంచి తీసిన ఒక్క బొట్టు. చీకట్లో మెరిసే చుక్కలు, వేలకు వేలు. ఒక్కటీ ఊరుకోదు. వణుకుతుంది, తిరుగుతుంది, ఇంకోదాని దగ్గరికి పోతుంది. ఇక అంటుకుంటుంది అనుకునేసరికి పక్కకు తప్పుకుంటుంది.

ఎందుకు కలవవు అని అడిగాను. అన్నిటి మీదా ఒకే రకం చార్జి ఉంటుందట. ఒకే రకం కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. కలిస్తే బరువెక్కి అడుగుకు దిగుతాయి. కలవవు కనుక నెలల తరబడి నీళ్లలో ఎక్కడివక్కడ వేలాడతాయి.

మా గల్లీ కూడా అంతే అన్నాను.

కన్ను తీయబుద్ధి కాలేదు. మెడ పట్టేసింది.

19 మార్చి

బోర్డు మీద ఒక గీత గీసింది. నెమ్మదిగా ఎక్కుతుంది, గుట్ట అవుతుంది, గుట్ట అవతల ఒక్కసారిగా లోయ. రెండు రేణువులు దగ్గరికి రావాలంటే ఈ గుట్ట ఎక్కాలి. ఎక్కలేక వెనక్కి దొర్లిపోతాయి. ఎక్కి దాటితే మాత్రం అవతల తోసే శక్తి కాదు, లాగే శక్తి. దానికి ఎవరో డచ్చి దేశస్థుడి పేరు చెప్పింది, నా నోరు తిరగలేదు. ఆ లోయలో పడ్డవి అతుక్కుపోతాయి, ఇక విడదీయడం కష్టం. ఉప్పో పటికో వేస్తే గుట్ట కరుగుతుందట.

నాకు పరకాల బస్సు గుర్తొచ్చింది. ఎక్కగానే ప్రతివాడూ పక్క సీటు మీద తువ్వాల పరచి, ఈడ మనిషున్నడు అంటాడు. ఉండడు. ఎవడో మొండివాడు తువ్వాల జరిపి కూర్చుంటాడు. ఇద్దరూ కాసేపు తిట్టుకుంటారు. ఆత్మకూరు దాటేసరికి ఒకడి భుజం మీద ఒకడు నోరు తెరిచి నిద్రపోతుంటారు. ఇదే కదా మేడం మీ గుట్ట అన్నాను. చాక్‌పీస్ కింద పెట్టి నవ్వింది. థీసిస్‌లో రాస్త అంది. రాయదు. అయినా ఆ మాట అంది.

నేనూ కళావతీ గుట్ట మొదట్లోనే దిగిపోయాం.

11 ఏప్రిల్

ఫస్టియర్ పిల్లలకు చెప్పాను, కొత్త బ్యాలెన్స్ చాలా సున్నితం, మనసులో అబద్ధం ఉంటే ముల్లు ఊగుతుంది, చెప్పులు విప్పి రావాలని. బ్యాచ్ మొత్తం గుడికి పోయినట్టు బయట చెప్పులు వదిలి, చేతులు కట్టుకొని వచ్చింది. ఒకడు కళ్లు మూసుకొని ఏదో గొణిగాడు కూడా.

వెంకట్రాజం సారు తిట్టాడు. ఆయన మా హెడ్డు. సంతకం పెట్టాలంటే పెన్ను కంటే ముందు మూడ్ వెతుక్కునే మనిషి.

20 మే

సెలవులు. ఎవరూ లేరు. జార్‌కు గుడ్ మార్నింగ్ చెప్పి వచ్చాను.

18 జూన్

కాలేజీ తెరిచారు. నీళ్లు పట్టడానికి కొత్త మనిషి వచ్చింది, పేరు సమ్మమ్మ. పరకాల అవతల పల్లె. భర్త లేడు. ఇప్పటికి రోజు కూలీ, వెంకట్రాజం సారు సంతకం పెడితే పర్మనెంటు.

ఆమెకు అక్షరం రాదు. కుండ మీద ఏదన్న రాసిపెట్టు యాకన్నా, పిలగాండ్లు చేతులు ముంచుతాన్రు అంది. రాశాను, ఎర్ర రంగుతో ప్రమాదం అని. పుర్రె బొమ్మ కూడా వేద్దామనుకున్నాను. కానీ బొమ్మకు చదువు అక్కర్లేదు, ఆమె పట్టేస్తుంది.

మధ్యాహ్నం దాకా డిపార్ట్‌మెంట్ అంతా నాలుకలు పిడచగట్టుకొని తిరిగింది. సమ్మమ్మ మాత్రం కుండ పక్కన నిలబడి, రాత పెట్టినంక ఒక్కడు దగ్గరికి రాలే, నీ రాతకు మస్తు గౌరవమున్నది యాకన్నా అని మెచ్చుకుంది.

19 జూన్

ఎవరో చదివి చెప్పేశారు. ఆమె అరవలేదు. పిలిచి గ్లాసు నిండా చల్లటి నీళ్లు ఇచ్చింది. ఒక్క గుక్కలో తాగేశాను. వరంగల్ మిరపపొడి. కళ్లలోంచి, ముక్కులోంచి, నాకు తెలియని ఇంకో రెండు దారుల్లోంచి నీళ్లు కారాయి. నేను దగ్గుతుంటే పక్కన నిలబడి, ఇగ ఎర్ర రంగుతోని నువ్వేం రాసినా నేను లెక్కవెట్ట, అంత నీ ఆటే అంది.

ఈ కాలేజీలో నాకొక జోడు దొరికింది.

27 జూన్

మధ్యాహ్నం స్టూలు మీద కూర్చొని ఉన్నాను. సమ్మమ్మ బిందె మోసుకుంటూ పోతూ, ఆగకుండానే, తిన్నవా యాకన్నా అంది. తిన్న అన్నాను. తినలేదు. నన్ను ఆ మాట ఎవరన్నా అడిగి ఎంత కాలమైందో ఆలోచిద్దామనుకున్నాను. ఆలోచించకుండా లేచి బీకర్లు కడిగాను.

4 జులై

మళ్లీ అడిగింది. తిన్న అన్నాను.

12 జులై

అమెరికావాళ్లు ఆకాశంలో తిప్పిన స్కైలాబ్ పడిపోయిందట, మన మీద కాదు. జనం ఊరికే భయపడి చచ్చారు. ఆ భయం వృథా పోకూడదని, గాజు గొట్టాలు బిగించే ఇనుప రిటార్ట్ స్టాండు, వంకరపోయినదాన్ని, మసిబట్టేదాకా కాల్చి, తెల్లవారేసరికి వెంకట్రాజం సారు గది ముందు పూలమొక్కల్లో గుచ్చాను. హాస్టల్ మొత్తం చుట్టూ చేరింది. సారు దూరం నుంచే, ఎవరూ దగ్గరికి పోవద్దు అని చేతులు ఊపాడు. తర్వాత దాని అడుగున మన డిపార్ట్‌మెంట్ నంబర్ చూశాడు. నంబర్ కూడా నా దస్తూరీలోనే ఉంది.

సమ్మమ్మ నవ్వు ఆపుకోలేక బిందె కింద పెట్టింది. రూతు మేడం సారు ముందు గంభీరంగా నిలబడి, లోపలికి పోయి తలుపు వేసుకొని నవ్వింది.

మంచి రోజు.

25 జులై

వానలు. నల్లా నీళ్లు ఇటుక రంగులో వస్తున్నాయి. సమ్మమ్మ కొంగు ముడి విప్పి చిల్లగింజ తీసింది. అంగీ గుండీ అంత గింజ. కుండ లోపలి గోడను తడిపి, దాని మీద గింజను గుండ్రంగా గరగరా రుద్దుతుంది, నీళ్లు పోస్తుంది, మూత పెడుతుంది. పొద్దుటి బురద సాయంత్రానికల్లా అడుగున కూర్చుంటుంది. మా అమ్మ కూడా అలాగే రుద్దేది. ఆ గరగర చప్పుడు వినడానికే కాసేపు కుండల దగ్గర పనున్నట్టు నిలబడ్డాను.

కుండల పక్కన కొబ్బరి చిప్పలో నాలుగు గింజలు ఎప్పుడూ పెట్టుకుంటుంది. వచ్చేపోయే వాళ్లంతా అడుగుతారు, అందరికీ ఓపికగా చెబుతుంది.

14 ఆగస్టు

తిన్నవా అంది. ఇవాళ నిజంగానే తిన్నాను. తినలేదు అన్నాను. అట్లెట్ల అని ఆగింది. అంతే, ఆగింది చాలు.

27 ఆగస్టు, పొద్దున 11

జార్ తేరిపోయింది.

పైనంతా అద్దం. అడుగున వేలెడు మందం బురద. రూతు మేడం సోమవారం రీడింగ్ కోసం దీపం వెలిగించింది, వెలిగించి అలాగే నిలబడిపోయింది. కాసేపటికి దీపం ఆర్పింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె ఒక్కతే కాదు. వెంకట్రాజం సారు, గుమాస్తా, గుమ్మంలో నిలబడ్డ పిల్లలు, అందరూ నన్నే చూశారు.

నేను కాదు అన్నాను. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

నేను కాదు. ఎవరూ చదవని ఈ చోట రాస్తున్నాను, నేను కాదు.

అదే రోజు, సాయంత్రం 4

జనం పోయాక జార్‌లోకి తొంగి చూశాను. మూతి లోపల, చెయ్యి పట్టేంత మేర, గాజు మీద గుండ్రటి మసక మరక. గరగర చప్పుడు చెవిలో వినబడింది.

కుండల దగ్గరికి పోయాను. నేను అడగకముందే ఆమే మొదలుపెట్టింది. గా అద్దాల సీసల నీళ్లు నేనొచ్చిన కాడికెల్లి మురికిగనే ఉన్నయి. ఇంత సదువుకున్నోళ్లు, ఒక్కలన్న పట్టించుకుంటాన్రా. శనివారం అందరు పోయినంక నేనే గింజ రుద్దిన. సూసినవా ఎట్ల తేరినయో. మేడం సంబురపడ్డదా.

దాని మీద ముట్టరాదని రాసి ఉంది కదా అన్నాను.

ఎర్ర రంగుదేనా, అది నీ రాతే గదా అంది.

కుండ మీద నేను రాసిన ప్రమాదం ఇప్పుడు జార్‌లో తేలింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు అన్నాను. ఎందుకంది. తెలిస్తే కాలేజీలో ఉన్న సీసాలన్నీ నీతోనే తేర్పిస్తారు అన్నాను. అవ్వో, నాకు కుండలే ఎక్కువైనయి అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

28 ఆగస్టు

వెంకట్రాజం సారు గదిలో విచారణ. లేబ్ తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంటది, నీ దగ్గర, ఆ నీళ్లామె దగ్గర. నువ్వు కాదంటే ఆమె. పిలవమంటవా అన్నాడు. సమ్మమ్మ పర్మనెంటు కాగితం సారు బల్ల మీదే ఉంది. పేపర్‌వెయిట్ కింద, సంతకం లేకుండా.

రూతు మేడం నెమ్మదిగా అంది. ఎవరినీ ఏమనొద్దు సార్, అందులో ఏం కలిపిన్రో చెప్తే చాలు. అది తెలిస్తే ఈ ఏడు నెలలు వృథా పోయినట్టు కాదు, ఎందుకు తేరిందో ఇంకో చాప్టర్ రాసుకుంట. తెలియకపోతే మళ్లీ మొదటికెల్లి.

గింజ పేరు నాలుక చివర దాకా వచ్చింది. కానీ గింజ పేరు చెబితే గింజ ఎవరిదని అడుగుతారు. కొబ్బరి చిప్ప డిపార్ట్‌మెంట్ అంతా చూసింది. నన్ను రోజూ తిన్నవా అని అడిగే ఒక్క మనిషిని ఆ బల్ల ముందు నిలబెట్టడం నా వల్ల కాలేదు. పైగా ఆమె చేత నా రాతను లెక్కపెట్టకుండా చేసింది ఎవరు.

నేనే సార్ అన్నాను. పటిక వేశాను, సరదాకు.

సారు కళ్లద్దాలు తీసి, నాకు నిన్ననే తెలుసు అన్నాడు.

నలభై ఏళ్ల నుంచి అబద్ధాలు చెబుతున్నాను. ఇంత సులువుగా ఏదీ చెల్లలేదు.

29 ఆగస్టు

చెల్లలేదు.

రూతు మేడం పైన తేరిన నీళ్లలో ఏదో మందు వేసి చూసింది. అడుగు బురదను కూడా చూసింది. పటిక ఉంటే తెల్లగా విరగాలట. విరగలేదు. సాయంత్రం స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చుంది, అట్టముక్క ఉన్న స్టూలే. నువ్వు పటిక వేయలేదు యాకయ్యా అంది. మరి ఎవరిని దాస్తున్నవు అంది.

రేపు చెబుతా మేడం అన్నాను.

ఇంటికి వచ్చి వంట చేయలేదు. ఉప్పు అంటే దానికీ మందు ఉంటుంది. సున్నం అంటే దానికీ ఉంటుంది. ఏ మందుకూ దొరకనిది కావాలి. ఇంకో ప్రశ్న అడగబుద్ధి కానిది కావాలి.

30 ఆగస్టు

ఉమ్మేశాను మేడం అన్నాను.

అర్థం కానట్టు చూసింది. జార్‌లో ఉమ్మేశాను, రెండు మూడు సార్లు, మీరు లేనప్పుడు అన్నాను. నవ్వాను కూడా. నవ్వకపోతే నమ్మదు.

బల్ల మీద ఆమె చెయ్యి నా చేతికి బెత్తెడు దూరంలో ఉంది. తీసేసింది. లేచి సింకు దగ్గరికి పోయి సబ్బుతో కడుక్కుంది, మోచేతుల దాకా. ఈ నెలంతా ఆ జార్‌లోంచి బొట్టు తీసిన ప్రతిసారీ గాజు గొట్టాన్ని నోటితోనే పీల్చింది ఆమె. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే మాట బయటికి పోయింది.

ఇంకేమీ అడగలేదు. ఏడుస్తోందని వీపు చూస్తే తెలిసింది.

గుట్ట ఎంత ఎత్తు కట్టాలో నాకు బాగా తెలుసు.

3 సెప్టెంబరు

మెమో. పంప్ హౌస్‌కు ట్రాన్స్‌ఫర్. కాలేజీ గోడ అవతలి మూల, తుమ్మచెట్ల మధ్య ఒక గది, ఒక మోటారు. ఉద్యోగం పీకలేదు, పాతికేళ్ల సర్వీసని వదిలారట. మెమోలో సారు నన్ను అసహ్యకరమైన వ్యక్తి అని రాయించాడు. అసహ్యలో హకు యవత్తు పెట్టలేదు గుమాస్తా. పెట్టి ఇచ్చాను.

5 సెప్టెంబరు

నా అంగీ, టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి డిపార్ట్‌మెంట్‌కు పోయాను. ఎండగా ఉంది. సమ్మమ్మను నీళ్లడిగాను.

గ్లాసు ఇవ్వలేదు. దోసిలి పట్టు అంది. మెట్టు మీద నిలబడి పైనుంచి పోసింది. చెంబుకూ నా చేతులకూ మధ్య మూరెడు నీళ్ల ధార. నేను తేర్పిన నీళ్లల్ల ఉమ్ముతవా, నువ్వసలు మనిషివేనా, ఆ పిల్ల ఎట్ల ఏడ్సిందో సూసినవా అంది. ఆమె లెక్క ఆమెది. తను మంచి నీళ్లు చేసిపెట్టింది, నేను వాటిని పాడుచేశాను. ఆమె చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు లేదు, జరిగింది అది కాదు, అంతే.

దోసిట్లో నీళ్లు సగం కారిపోయాయి. మిగతావి తాగాను. మంచి నీళ్లు.

తిన్నవా అని అడగలేదు.

20 సెప్టెంబరు

మోటారు ఆన్. మోటారు ఆఫ్.

7 అక్టోబరు, ఆదివారం

పండుగ సందడి అయిపోయింది. తోచక పరకాల బస్సు ఎక్కాను. కళావతి ఇంటికి అని కాదు. కళావతి ఇంటి సందులోకి పోయే బస్సు ఏదీ లేదు, నడవాలి.

కిటికీ పక్కన ఒకాయన, పక్క సీటు మీద తువ్వాల. ఈడ మనిషున్నడు అన్నాడు. ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. పాత యాకయ్య అయితే ఆ మనిషికి నమస్కారం పెట్టి, పేరు అడిగి, ఒళ్లో కూర్చొని ఉండేవాడు. ఇవాళ తువ్వాల జరపలేదు. కడ్డీ పట్టుకొని ఆత్మకూరు దాకా నిలబడ్డాను. అక్కడ దిగి, అవతలి వైపు నుంచి వచ్చే బస్సు ఎక్కి, వెనక్కి వచ్చాను.

కండక్టర్ మాత్రం ఏందన్నా మర్చిపోయినవా అన్నాడు. అవునన్నాను.

23 అక్టోబరు

సమ్మమ్మ పర్మనెంట్ అయింది. పుట్నాలు, బెల్లం కాలేజీ అంతా పంచింది. నా దాకా కూడా వచ్చింది. పంప్ హౌస్ గోడ మీద కాగితం పొట్లం పెట్టి, ఆడ పెట్టిన అని కేకేసి, నేను బయటికి వచ్చేలోపు పోయింది. చీమలు నా కంటే ముందే చేరాయి. వాటితో పంచుకున్నాను.

సారు సంతకం ఎలా ఉంటుందో నాకు తెలుసు, పురుగు పాకినట్టు ఉంటుంది. అయినా అంత అందమైన అక్షరం నేనెప్పుడూ రాయలేదు.

8 నవంబరు

స్టేషన్ రోడ్డులో మూలికల దుకాణంలో ఒక చిల్లగింజ అడిగితే, ఒక్క గింజ ఎవలు కొంటరే అని ఊరికే ఇచ్చాడు. మధ్యాహ్నం లేబ్‌లో ఎవరూ లేనప్పుడు పోయి, రూతు మేడం బ్యాలెన్స్ పెట్టెలో, కుడి పళ్లెంలో ఆ గింజ పెట్టాను. చెప్పులు విప్పి లోపలికి పోయాను. ముల్లు గింజ వైపు వంగింది.

ఇది నేను చేసిన వాటన్నిటిలో చిన్న చిలిపి పని.

19 నవంబరు

రూతు మేడం పంప్ హౌస్ దాకా వచ్చింది. గింజ ఎవరు పెట్టిన్రు అని అడిగింది. స్కైలాబ్ నుంచి రాలి ఉంటుంది మేడం అన్నాను. నవ్వలేదు. మోటారు ఆపాను. చప్పుడు ఆగాక, నువ్వు ఉమ్మలేదు గదా యాకయ్యా అంది.

ఒక్క మాట. కాదు అంటే చాలు. అంటే ఆమె ఆ ఇనుప పైపు మీద కూర్చునేది. మళ్లీ బోర్డులు, మళ్లీ గుట్టలు. కానీ కాదు అన్న తర్వాత అడిగే ప్రశ్న ఒక్కటే ఉంది, మరి ఎవరు అని. సంతకం పెట్టిన కాగితాన్ని చింపడానికి కూడా చేతులుంటాయి.

ఉమ్మాను మేడం అన్నాను.

తల ఊపింది. పోతూ పోతూ తుమ్మచెట్టు దగ్గర ఆగి వెనక్కి చూసింది. నేను మోటారు వైపు తిరిగాను.

10 డిసెంబరు

కిటికీలోంచి లేబ్ చూశాను. బల్ల మీద రెండు కొత్త జార్లు. ఒకటి బురద, ఒకటి అద్దం. రెంటి మీదా ముట్టరాదు అని ఉంది. నీలం సిరాతో, మేడం చేతిరాత. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి.

సమ్మమ్మ ఆ బల్ల పక్కగా నేల తుడుస్తోంది. జార్ల దగ్గరికి రాగానే చీర కుచ్చెళ్లు పట్టుకొని, ఒద్దికగా, చుట్టూ తిరిగి పోయింది. ఆ రాతను లెక్కపెడుతోంది.

మూడో స్టూలు కాలి కింద అట్టముక్క లేదు. ఎవరో తీసేశారు.

31 డిసెంబరు

ఏడాది అయిపోయింది. చివరి పేజీ. ఒక దిద్దుబాటు ఉంది.

తిన్నవా అని సమ్మమ్మ నన్ను ఏ రోజూ అడగలేదు. ఆ మాట నేనే రాసుకున్నాను. మిగతాదంతా జరిగింది.

తిన్నాను.